అక్క చేసిన పిప్పి గుట్టలు

అక్క పోయిందన్న కబురు నాకు రెండుసార్లు వచ్చింది. భాద్రపద మాసం, రాత్రంతా కురిసిన వాన వెలిసిన ఉదయం. నిజామాబాద్‌లో మా ఇంటి వరండాలో పత్రిక చదువుతూ ఉండగా ఆమె పెద్ద తమ్ముడు ఫోన్ చేశాడు. "సారూ, అక్క పోయింది. తెల్లారంగ పానం పోయింది," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. నేను చొక్కా తొడుక్కుంటూ ఉండగానే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి చిన్న తమ్ముడు. "సారూ, మీకు ఎవలన్న సెప్పిండ్రో లేదో అని చేస్తున్న. మన అక్క..." అన్నాడు. ఇదివరకే తెలిసిందని నేను అనలేదు. అంటే, ఎవరు చెప్పారని అడుగుతాడు. ఆ జవాబు అతడికి వినబుద్ధి కాదు.

బోధన్ చేరిన తరువాత చూస్తే, ఇద్దరూ ఫోన్ చేసింది ఒకే ఇంటినుండి. అక్క తలవైపు పెద్దవాడు కూర్చున్నాడు, కాళ్ళవైపు చిన్నవాడు. వచ్చినవారితో ఇద్దరూ మాట్లాడుతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు.

ఆమె నాకు తోబుట్టువు కాదు. బోధన్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలమంతా మా పక్కింటి ఇల్లాలు. వాడకట్టులో చిన్నా పెద్దా అందరూ అక్కా అనే పిలిచేవారు కనుక నేనూ అలాగే పిలిచాను. ఆమె భర్తకు చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర కొలువు. ఆమె ఆ వీధిలోని చాలామంది ఆడవాళ్ళలాగానే చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. వారికి పిల్లలు లేరు. పుట్టిల్లు ఎడపల్లి దగ్గరి పల్లె. ఆమెకు ఉన్నది ఇద్దరు తమ్ముళ్ళు. తల్లి త్వరగా పోవడం చేత ఇద్దరినీ ఎత్తుకొని పెంచింది తానే. ఆ తమ్ముళ్ళ మధ్య మాటలు పోయాయి. అవి తిరిగి రావాలన్నదే ఆమె జీవితంలోని రెండవ సగానికి ఉన్న ఒకే ఒక పని. ఆ పనికోసం ఆమె ఎంచుకున్న సాధనం ఎవరూ ఊహించనిది. దానిని గురించి రాయడానికే ఈ వ్యాసం.

తమ్ముళ్ళు భూమి పంచుకున్నారు. చెరుకు తోటలు రెండయ్యాయి. బోరుబావి మాత్రం ఒకటే. నీళ్ళ వంతు దగ్గర ఒకనాడు మాటా మాటా పెరిగింది. ఒకడి తోట ఎండింది, మరొకడు ఎండబెట్టాడని ఊరు అన్నది. నిజమేమిటో నాకు తెలియదు, విచారించలేదు. మోటారు నడిచే వేళలను ఊరి పెద్దలు చెరిసగం చేశారు కాని, మాటలను కలపలేకపోయారు. ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉన్నది. మాటలు పోయిన ఇద్దరిలో ఎవడు ముందు పలకరిస్తే, తప్పు వాడు ఒప్పుకున్నట్టు. ఇక ఎవడు పలకరిస్తాడు? రాఖీ పౌర్ణమినాడు సైతం పెద్దవాడు పొద్దున్నే వచ్చి రాఖీ కట్టించుకొని పోయేవాడు, చిన్నవాడు పొద్దు వాలిన తరువాత వచ్చేవాడు. అక్క ఒకే పళ్ళెంలో రెండుసార్లు హారతి వెలిగించేది.

ఇక ఆట సంగతి. పందొమ్మిది వందల తొంభైలలో ఒక వేసవిలో, పూనాలో ఇంజనీరింగు చదువుతున్న ఆమె మరిది సెలవులకు వస్తూ జిరాక్సు కాగితాల కట్ట ఒకటి, పలుముఖాల పాచికలు కొన్ని తెచ్చాడు. అక్కడి హాస్టలులో విద్యార్థులు ఆడుకునే ఆట అది. ఒకరు కథ చెబుతారు. మిగిలిన వారు తలా ఒక వేషం ఎన్నుకుంటారు. ఒకడు సైనికుడు, ఒకడు వైద్యుడు, ఒకడు దొంగ. అడవి ఎదురైతే ఏమి చేస్తారో, శత్రువు ఎదురైతే ఏమంటారో ఆ వేషగాళ్ళే చెప్పాలి. చేసిన పని ఫలిస్తుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. గెలుపు ఓటములు లేవు. కథ ముందుకు సాగడమే ఆట. నాకు ఆ నియమావళి నచ్చింది. దానిని శుభ్రమైన తెలుగులోకి మార్చి, "కథాక్రీడ" అని పేరు పెట్టాను. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరూ "కథ ఆట" అనే అన్నారు.

మరిది బల్లమీద సుద్దముక్కతో గీతలు గీసి, "ఇది కోట, ఇది ఏరు," అని చూపుతున్నాడు. బీడీలు చుడుతూ ఓరగా చూస్తున్న అక్క, "గీతల మీద ఎవడు నడుస్తడు? కాలు ఆననీకె నేల ఉండద్దా?" అన్నది.

"వదినా, విదేశాల్ల దీనికి బొమ్మల గుట్టలు, బొమ్మల కోటలు అమ్ముతరట. మనకు యాడ దొరుకుతయి?"

"దొరకకుంటే చేస్కోరాదు?"

చేసుకోవడం ఆమె వంతే అయింది. మరిది సెలవులు ముగించుకొని, పాచికలు తీసుకొని వెళ్ళిపోయాడు. ఆట మాకు మిగిలింది, కథ చెప్పడం నా వంతయింది. పాచికల బదులు అక్క పచ్చీసు గవ్వలు ఇచ్చింది. ఆ గవ్వలతోనే చివరిదాకా ఆడాము.

ఆమె నేల తయారుచేసే పద్ధతిని నేను ఎన్నోసార్లు చూశాను. బోధన్‌లో చెరుకు పిప్పికి కొదవలేదు. పిప్పిని ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లెడ పట్టేది. పాత పత్రికలను నానబెట్టి పిసికి, దంచిన పిప్పితో కలిపేది. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, కాచిన గంజి అందులో పోసి ముద్ద చేసేది. టీ పొడి పెట్టెల చెక్క మీద ఆ ముద్దను ఒక వరుస పరిచి, ఎండిన తరువాత మరొక వరుస. గుట్ట అలా పెరిగేది. ఇండ్ల పైకప్పులకు, బీడీ కోసం కొలతకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలు. ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కించి అతికిస్తే అచ్చం కూనపెంకుల కప్పులాగా ఉండేది. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగు పూలకు ఆకుపచ్చ రంగు అద్ది, చీపురు పుల్లలకు గుచ్చితే చెట్లు. పసుపులో బట్టల నీలం కలిపితే పచ్చిక, అదే పసుపులో సున్నం కలిపితే సాయంకాలపు ఎర్రరాయి. మనుషులను బంకమన్నుతో బొటనవేలంత చేసి, తలకు బీడీ దారం చుట్టేది. ఎర్రదారం తలపాగా ఉన్నవాడు సిపాయి.

పని మొదలుపెట్టే ముందు మాత్రం ఆమె నన్ను ఒకటే అడిగేది. ఈసారి కథలో పులి ఉన్నదా, రాజు ఉన్నాడా అని కాదు.

"సారూ, నీళ్ళు ఎటు పారుతయి?"

"నీళ్ళ ప్రసక్తి లేదక్కా. ఈ అధ్యాయమంతా కోటలోపలే."

"కోటలున్నోళ్ళు నీళ్ళు తాగరా? ముందు నీళ్ళు సెప్పుండ్రి. ఇండ్లు ఎనుక సూస్కుందం."

నేను చెప్పకపోతే తానే ఎటో ఒకవైపు పారించేది. ఏరుకు గాడి తీసి, నీలిరంగు మీద వార్నిష్ పూస్తే తడి మెరుపు వచ్చేది. కోట కథలో కూడా, కోట నట్టనడుమ ఏరు. మా ఇద్దరికీ ఈ విషయంలో చాలా పేచీలు జరిగాయి. నేను వారమంతా ఆలోచించి, సంధులూ సమాసాలూ సరిచూసుకొని ఒక అరణ్యవర్ణన సిద్ధం చేసుకొని పోతే, బల్లమీద కప్పిన పాత పంచె తీసేసరికి అడవి ఉండేది కాదు, వాగు ఉండేది. నేను చిరాకు పడేవాడిని. ఆమె భర్తవైపు తిరిగి, "సారు కథల పులి గూడ గ్రాంథికంల గాండ్రిస్తది. గా పులికి ఎవడు భయపడతడు? వాగుకైతే భయపడతరు," అనేది. ఆయన నవ్వేవాడు. అన్నట్టు, ఆయన ఎన్నుకున్నది బైరాగి వేషం. మధ్యాహ్న భోజనం తరువాతి ఆట కనుక ఆయనకు తరచుగా కునుకు పట్టేది. "బైరాగి ధ్యానంల ఉన్నడు, కదలియ్యకుండ్రి," అనేది అక్క.

ఆ ఏరు ఎందుకో నాకు రాఖీనాడు తెలిసింది.

ఆ సంవత్సరం ఆమె ఇద్దరు తమ్ముళ్ళకూ వేరువేరుగా ఒకే కబురు పంపింది, పగటి అన్నం తిని రమ్మని. పెద్దవాడు ముందు వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చిన్నవాడు గడపలో అడుగు పెట్టి, అన్నను చూసి, అడుగు వెనక్కి తీశాడు. పెద్దవాడు లేచాడు. అక్క పళ్ళెం చేతబట్టుకొని నడింట్లో నిలబడ్డది.

"రాఖీ ఆట అయినంకనే కడత. కట్టించుకోకుండ పోయెటోడు పోవచ్చు. గడప గటే ఉన్నది."

రాఖీ కట్టించుకోకుండా పోయినవాడు ఊరికి ఏమి ముఖం చూపిస్తాడు? ఇద్దరూ కూర్చున్నారు. ఒకడు గోడను చూస్తున్నాడు, మరొకడు నన్ను చూస్తున్నాడు.

"నేను మాట్లాడ," అన్నాడు పెద్దవాడు, అక్కతో.

"నిన్ను ఎవలు మాట్లాడుమన్నరు? ఇది ఆట. ఈడ వేషం మాట్లాడతది. వేషం మాట్లాడితె మనిషి మాట్లాడినట్టు కాదు. అవునా కాదా సారూ?"

నియమావళి ప్రకారం అది వాస్తవమే. బల్ల దగ్గర వేషం పలికిన మాట వేషానిదే. నేను అవునన్నాను.

పెద్దవాడు పడవవాడి వేషం ఎన్నుకున్నాడు. చిన్నవాడు సిపాయి. అక్క పంచె తీసింది. రెండు ఒడ్లు, నడుమ వెడల్పాటి ఏరు. తునికాకును తడిపి వంచి ఆరబెట్టి చేసిన చిన్న పడవ. ఒడ్డునుండి ఒడ్డుకు కట్టిన బీడీ దారం. అది తాడు పడవ. ఒక ఒడ్డున ఒకడు తాడు వదులుతుంటే, ఎదుటి ఒడ్డున మరొకడు గుంజాలి. అప్పుడే కదులుతుంది. పడవవాడు ఆ ఒడ్డున, సిపాయి ఈ ఒడ్డున. సిపాయి చేతిలో పాదుషా లేఖ, అది సాయంత్రంలోగా ఆవలికి చేరాలి. లేఖ సంగతి నేను కల్పించినది, ఏరు సంగతి ఆమె కల్పించినది.

చిన్నవాడు పడవను పిలవలేదు. ఈదుతానన్నాడు. గవ్వలు వేస్తే అన్నీ బోర్లా పడ్డాయి. సిపాయి కొట్టుకుపోయి మళ్ళీ ఈ ఒడ్డుకే చేరాడని నేను చెప్పాను. చుట్టు తిరిగి పోతానన్నాడు. ఇటు కొండ, అటు ముండ్లకంప. అక్క ముందే ఆలోచించి దారులన్నీ మూసి ఉంచింది. బైరాగి ధ్యానంలో ఉన్నాడు. చివరికి చిన్నవాడు ఏరునే చూస్తూ అన్నాడు.

"ఓ పడవోడా!"

పెద్దవాడు గోడవైపు చూస్తూనే ఉన్నాడు. ఆ గోడతోనే అన్నట్టు అడిగాడు.

"ఎవడు గాడు?"

"పాదుషా సిపాయిని. పడవ ఇటు తే."

"పాదుషా అయితేంది, పైగంబర్ అయితేంది. ఒక్కడు గుంజితే అచ్చే పడవ కాదు గది. కండ్లు లెవ్వా? నీ దిక్కు తాడు గుంజు, నేను వదులుత."

చిన్నవాడు వేలితో దారం గుంజాడు. పెద్దవాడు వేలితో దారం వదిలాడు. తునికాకు పడవ ఏరు దాటింది.

రాఖీ కట్టించుకొని పోతూ పెద్దవాడు గుమ్మంలో ఆగి, "అక్కా, నేను మాట్లాడలే. గది పడవోడు మాట్లాడిండు, యాదిల పెట్టుకో," అన్నాడు.

"గట్లనే తీ. గా పడవోణ్ణి మల్ల ఐతారం తోల్కరా," అన్నది అక్క.

అలా మొదలయింది. ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం, చెరుకు నరికే నెలలు తప్ప, ఆట సాగుతూ పోయింది. ఇద్దరూ వచ్చేవారు. ముందు మానేసినవాడు ఓడినట్టేనన్న పట్టుదల కొంత, అక్క మాట కొంత, కథ తరువాత ఏమవుతుందన్న ఆసక్తి కొంత. పడవవాడూ సిపాయీ కలిసి దొంగలను పట్టారు, కరువులో ఊరికి నీళ్ళు మళ్ళించారు, రోగి అయిన బైరాగిని మంచంమీద మోసుకుపోయారు. ఆట ముగియగానే చెప్పులు వేసుకొని ఒకడు తూర్పుకు, మరొకడు పడమటికి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బస్సు. చిన్నవాడు కావాలని తరువాతి బస్సుకు ఆగేవాడు.

ఆట అయిన మరుసటి రోజు అక్క ఆ నేలనంతా గంగాళంలో నానబెట్టేది. గుట్టలు కరిగి ముద్దయ్యేవి. అదే ముద్దతో మరొక ఊరు. ఒకసారి ఒక కోట ఎంతో అందంగా కుదిరింది. పాఠశాల ప్రదర్శనలో పెట్టడానికి ఇమ్మని అడిగాను.

"ఇయ్య," అన్నది.

"ఎందుకక్కా? ఇంత శ్రమ పడి చేసిన దానిని నీళ్ళపాలు చేయడమెందుకు?"

"ఆడిన ఊరును అటకెక్కిస్తే అది గట్లనే ఉండిపోతది సారూ. మనుషులెట్లనో మారుతలేరు, ఊరన్న మారనియ్యుండ్రి."

ఆమెకు అన్నీ తెలుసునని చెప్పడం లేదు. పెద్ద పొరపాట్లు కూడా చేసింది. గుట్టలు ఎండేకొద్దీ పగుళ్ళు ఇస్తున్నాయని ఒక వేసవిలో ఆమెకు బెంగ పట్టింది. బోధన్‌లో ఏ రోగానికైనా చెరుకు మడ్డే మందు. ఫ్యాక్టరీవాళ్ళు మొలాసిస్ అనే ఆ నల్లటి పాకాన్ని పశువుల దాణాలో కలుపుతారు, గోడ పూతలో కలుపుతారు. భర్త ఒక డబ్బాడు తెచ్చి ఇచ్చాడు. ఆమె దానిని గంజిలో కలిపింది. పగుళ్ళు రాలేదు. గుట్ట నల్లగా, నున్నగా, నిజంగా రాతిగుట్టలాగా వచ్చింది. ఆమె ఎంతో గర్వంతో పంచె తీసింది.

గుట్ట కదులుతున్నది.

వాడకట్టులోని చీమలన్నీ అక్కడే ఉన్నాయి. ఎర్రచీమలు, గండుచీమలు, పేరు తెలియనివి. కోటగోడ మీదుగా బారులు తీరి, పాదుషా బొమ్మను మోసుకుపోతున్నాయి. బైరాగి సైతం ధ్యానం విడిచి లేచి నిలబడ్డాడు. నేను కథకుణ్ణి కనుక ఆట ఆపకూడదని, "అంతట అపారమైన శత్రుసైన్యము కోటను ముట్టడించెను," అన్నాను. తమ్ముళ్ళిద్దరూ ఒకేసారి వంగి, పాదుషాను దక్కించడానికి చేతులు పెట్టారు. చిన్నవాడు కెవ్వుమన్నాడు.

"గండుచీమ కొరికిందా తమ్మీ? సూడనియ్యి, సూడనియ్యి," అన్నాడు పెద్దవాడు. తమ్ముడి వేలు పట్టుకొని నోటితో ఊదుతున్నాడు.

అందరం ఆగిపోయాము. పెద్దవాడికి తాను ఏమన్నాడో అప్పుడు తెలిసింది. వేలు వదిలేశాడు. ముఖం ఎర్రబడ్డది. "పడవోడు అడిగిండు," అన్నాడు. "సిపాయిని పడవోడు అడిగిండు."

"సిపాయికి ఏం కాలే," అన్నాడు చిన్నవాడు, వేలు పిడికిట్లో దాచుకొని.

ఆ సాయంత్రం పెరటిలో, చీమలు పట్టిన గుట్టను నీళ్ళలో ముంచుతూ అక్క నన్ను గోడ అవతలనుండి పిలిచింది. "తమ్మీ అన్నడు సారూ. ఇన్నరా?" అన్నది. విన్నానన్నాను. "మడ్డి మంచిదే అచ్చింది," అని నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ మడ్డి వాడలేదు.

ఒక్క పూట మాట అది. అంతకుమించి సాగలేదు. పెద్దవాడి కూతురి పెండ్లి బోధన్‌లో జరిగింది. చిన్నవాడు బట్టలు పెట్టే పళ్ళెం అక్క చేతికి ఇచ్చి, పందిరి బయట స్కూటరు మీదనే కూర్చున్నాడు. అన్న వచ్చి రమ్మంటే లోపలికి పోయేవాడే. అన్న రెండుసార్లు పందిరి అంచుదాకా వచ్చి, వియ్యాలవారెవరో పిలిస్తే తిరిగిపోయాడు. ఆనాడు అక్క అన్నం తినలేదు. నేను ఊరుకోలేక అన్నాను.

"అక్కా, ఈ గుట్టలూ ఏరులూ ఎన్నాళ్ళు? ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, మాట్లాడుకొమ్మని గట్టిగా చెప్పరాదా? మీ మాట కాదనరు."

"సెప్తె ఇనెటోళ్ళయితే గుట్టలెందుకు చేస్త సారూ? పెద్దోడు నాకోసం మాట్లాడతడు, నేను పోయినంక బంద్ చేస్తడు. చిన్నోడూ గంతే. నాకోసం మాట్లాడుడు కాదు కావాల్సింది. ఆళ్ళకు అక్కెర వడాలె. నడుమ నీళ్ళుంటే అక్కెర వడతది."

అప్పటినుండి నేను ఏరు విషయంలో పేచీ పెట్టలేదు. ఆమె ఏరు ఎక్కడ తీస్తే అక్కడికి నా కథను నడిపాను. ఆమె పద్ధతి సరియైనదని నాకు పూర్తిగా నమ్మకం కుదిరిందని చెప్పను. నా అలవాటు వేరు. తప్పు కనిపిస్తే ఎర్రసిరాతో గీత గీయడం, ఒప్పు పక్కన రాసి ఇవ్వడం. ఆమె తప్పు చూపలేదు, ఒప్పు రాయలేదు. నేల పరిచి, అవతలికి జరిగి, చాట ఒళ్ళోకి లాక్కొని బీడీలు చుట్టుకునేది. చెవి మాత్రం బల్ల దగ్గరే.

నేను పదవీ విరమణ చేసి నిజామాబాద్‌లో స్థిరపడిన తరువాత కూడా ఆట రోజున బస్సెక్కి పోయేవాడిని. ఏటేటా ఆమె చేతులు సన్నబడ్డాయి. పొగాకు దుమ్ముకు దగ్గు ముదిరింది. పిప్పి దంచే ఓపిక లేక, చివరి ఏడాది గుట్టలు చేయడం మానింది. చెక్కమీద చదునుగా పలచటి పూత, దానిలో ఏరు, అంతే. "గుట్టలు లేకున్నా కథ నడుస్తదా సారూ?" అని అడిగింది. నడుస్తుందన్నాను. "ఏరు లేకుంటె నడవది," అన్నది, తానే. ఆసుపత్రికి తమ్ముళ్ళు వంతులవారీగా తీసుకుపోయేవారు, బోరు నీళ్ళలాగానే. కడపటిసారి నేను చూడబోయినప్పుడు ఆమె మంచంలో ఉన్నది. నన్ను దగ్గరికి పిలిచి, "రాఖీలు కట్టిన. ఇద్దరికి ఒక్కపారే కట్టిన, పక్కపక్కన కూసుండవెట్టి. అయినా మాట్లాడలే. గోడ సూసుడు ఒకడు, మంచం కోడు సూసుడు ఒకడు," అన్నది. ఏడవలేదు. లెక్క తేలని పనిని పక్కన పెట్టినవారిలాగా కండ్లు మూసుకున్నది. దాని తరువాత నెల తిరగకుండానే ఈ కబురు.

అస్థికలు కందకుర్తిలో కలపాలన్నారు. గోదావరిలో మంజీర కలిసే చోటు. వానలు బాగా పడడం చేత రెండు నదులూ నిండుగా ఉన్నాయి. అక్క భర్త, తమ్ముళ్ళు, నేను జీపులో పోయాము. దారి పొడుగునా చెరుకు తోటలు. రెంజల్ దాటేవరకు ఎవరూ మాట్లాడలేదు. తరువాతా మాట్లాడలేదు.

రేవులో పడవ చిన్నది. నడిపేవాడు గాక ఇద్దరికంటె ఎక్కువ పట్టరు. అక్క భర్త మోకాళ్ళ నొప్పులవాడు, బురదలో దిగి పడవ ఎక్కడం ఆయనవల్ల కాలేదు. ఒడ్డున నిలబడి, తెల్లబట్ట కట్టిన కుండను తమ్ముళ్ళవైపు చాచాడు.

"మీ అక్కను మీరిద్దరు తీస్కపోండ్రి. నేను ఎక్కలేను," అన్నాడు.

కుండ ఎవరు అందుకోవాలన్నది ఒక్క క్షణం తేలలేదు. పెద్దవాడు అందుకున్నాడు. చిన్నవాడు ముందుగా ఎక్కి పడవకు ఒక కొసన కూర్చున్నాడు. పెద్దవాడు కుండ పట్టుకొని ఎక్కి, రెండవ కొసకు పోబోయాడు. చేతులలో కుండ ఉన్నది, పట్టు లేదు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నీళ్ళు అంచుదాకా వచ్చాయి.

"సిపాయీ," అన్నాడు పెద్దవాడు, గట్టిగా. "ఇటు జరుగు. పడవ ఒరుగుతున్నది."

అలవాటుగా వచ్చిన మాట. ఇన్నేళ్ళుగా తమ్ముడిని పిలవడానికి అతడికి ఉన్నది ఆ పిలుపు ఒక్కటే.

చిన్నవాడు లేచి, వంగి నడిచి వచ్చి, ఒక చేత్తో అన్న భుజం, మరొక చేత్తో కుండ పట్టుకున్నాడు. పడవ నిలబడింది.

"సిపాయి ఇంటికాడనే ఉన్నడు అన్నా," అన్నాడు. "నేనే అచ్చిన."

పడవ నడిపేవాడు గడ వేసి నెట్టాడు. పడవ రేవు విడిచింది. తరువాతి మాటలు నీళ్ళ చప్పుడులో మాకు వినబడలేదు. ఇద్దరూ పక్కపక్కన, మోకాళ్ళు ఆనించి కూర్చుని ఉన్నారు, కుండ నడుమ. దూరం పెరిగేకొద్దీ పడవ చిన్నదయింది. వంచి ఆరబెట్టిన తునికాకంత అయింది. పెద్దవాడి తల ఊగుతున్నది. చిన్నవాడు చేయి ఎత్తి ఏదో చూపుతున్నాడు, ఎడపల్లివైపో, ఆకాశంవైపో.

అక్క భర్తకు చూపు మందగించింది. ఆయన నా మోచేయి పట్టుకొని అడిగాడు.

"ఏం చేస్తుండ్రు సారూ? కలిపిండ్రా?"

"ఇంకా లేదు."

"మరి?"

"మాట్లాడుకుంటున్నారు."

ఆయన ఒడ్డున తడిరాయి మీద మెల్లగా కూర్చున్నాడు. ఎర్రనీళ్ళూ నల్లనీళ్ళూ కలిసేచోట పడవ నడిపేవాడు గడ దింపి ఊరకే నిలబడ్డాడు. కుండ మూతికి కట్టిన తెల్లబట్ట ఇంకా విప్పలేదు. పడవ అక్కడే ఉన్నది, చాలాసేపు.